తలుపు తీసిందెవరు? – ‘తొలి మహిళ’ కథల మీద ఒక విమర్శ

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక బిట్టు ఉంటుంది. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో తెలుగువారు ఎవరు? జవాబు: ఎ. లలిత. పిల్లలు దాన్ని బట్టీ పడతారు. మార్చి 8 వచ్చిందంటే మన బడుల్లో చార్టులు కడతాం. కాదంబినీ గంగూలీ, ఆనందీబాయి జోషి, కమలా సోహోనీ, లలిత. ఒక్కో బొమ్మ కింద ఒక్కో వాక్యం రాయిస్తాం. ‘ఎన్ని అడ్డంకులు వచ్చినా వెరవక చదివి విజయం సాధించింది’. ప్రార్థన సమయంలో ఒక టీచరు లేచి ‘మీరు కూడా ఆమెలాగే ధైర్యంగా ఉండాలి’ అని ముగిస్తారు. చప్పట్లు కొడతాం. పిల్లలు తరగతులకు వెళ్ళిపోతారు.

ఆ ఒక్క వాక్యం గురించే ఈ వ్యాసం. అందులో అబద్ధం లేదు. కానీ ఆదివాసీ ఆడపిల్లకు అవసరమైన సంగతి కూడా లేదు. మగపిల్లలతో నిండిన కాలేజీలోకి ఒక అమ్మాయి ఎట్లా అడుగుపెట్టింది, లోపల ఎట్లా నిలబడింది, బయటికి ఎట్లా వచ్చింది అనే మూడు ప్రశ్నలనూ అది ధైర్యం అనే ఒక్క మాటతో దాటేస్తుంది. ధైర్యం ఉంటే చాలు అని విన్న పిల్ల రేపు పాలిటెక్నిక్ మధ్యలో మానేసి ఇంటికి వస్తే, తప్పు తన ధైర్యానిదే అనుకుంటుంది. మనమూ అదే అనుకుంటాం. నా అభ్యంతరం అక్కడ.

లలిత కథనే మొత్తంగా చూద్దాం.

లలిత 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఐదో సంతానం. ఆ ఇంట్లో మగపిల్లలు ఇంజనీర్లయ్యారు, ఆడపిల్లలకు మామూలు చదువుతో సరిపెట్టారు. పదిహేనేళ్ళకు ఆమెకు పెళ్ళి చేశారు. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి చేతిలో నెలల పసిపాప, భర్త చనిపోయాడు. ఆ కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో వితంతువుల బతుకు ఎట్లా ఉండేదో మనం విన్నదే. అక్కడినుంచి ఆమె క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో పాసై, 1940లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ శాఖలో చేరారు. అప్పటిదాకా ఆ కాలేజీలో ఆడవాళ్ళు లేరు.

ఇక్కడిదాకా చార్టు మీద రాయవచ్చు. రాయనిది ఇది. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. ఆయన ప్రిన్సిపాల్ కె.సి. చాకో దగ్గరికి, విద్యాశాఖ డైరెక్టర్ స్టాథమ్ దగ్గరికి వెళ్ళి మాట్లాడారు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆమె హాస్టల్లో ఉండి చదివారు. పసిబిడ్డను బంధువులు చూసుకున్నారు. ఇంకా ముఖ్యమైంది, అన్ని వందల మంది మగపిల్లల మధ్య ఒక్క అమ్మాయి ఉండటం కష్టమని కాలేజీ వాళ్ళకు తోచింది. ఆడవాళ్ళు కూడా చేరవచ్చని ప్రకటన ఇచ్చారు. ఆ తర్వాత పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ అనే ఇద్దరు కేరళ అమ్మాయిలు సివిల్ శాఖలో చేరారు. రెండో ప్రపంచయుద్ధం వల్ల కోర్సును కుదించడంతో 1943లో ముగ్గురూ దాదాపు కలిసే చదువు ముగించారు. త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీర్ అయ్యారు. లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకుని, సిమ్లాలో కొంతకాలం ఉద్యోగం చేసి, 1948 నుంచి కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్ పరికరాల కంపెనీలో పనిచేశారు. భాక్రా నంగల్ డ్యామ్ జనరేటర్ల పనిలో కూడా ఆమె చెయ్యి ఉంది.

ఆ కాలేజీ డిగ్రీ పట్టాల మీద ‘అతడు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ముందే అచ్చువేసి ఉండేదట. ఈ ముగ్గురి పట్టాల మీద దాన్ని కొట్టేసి ‘ఆమె’ అని చేత్తో రాసి ఇచ్చారు. ఈ సంగతిని చాలామంది ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు ముచ్చటగా తోచదు. కాలేజీ అనేది మనుషుల కన్నా ముందే కాగితాల్లో, గదుల్లో, టైంటేబుల్లో మగవాడి కొలతకు కుట్టిన చొక్కా అని అది చెబుతుంది. ఎవరూ ఆడపిల్లను రావద్దని అననక్కర్లేదు. అచ్చు కాగితమే ఆ మాట అంటుంది.

లలిత ధైర్యాన్ని తగ్గించడానికి ఇదంతా చెప్పడం లేదు. పద్దెనిమిదేళ్ళ వితంతువు చంటిబిడ్డను వదిలి ఇంజనీరింగ్ చదవడం ఈ రోజుకీ తేలిక కాదు. కానీ ఆమె ధైర్యానికి మూడు ఊతాలు దొరికాయి. మొదటిది దిక్కు. లోపల మాట చెల్లే మనిషి ఒకరు ఉన్నారు. రెండోది తోడు. తనలాంటి మరో ఇద్దరు పక్కన ఉన్నారు. మూడోది చోటు. తలదాచుకునే గది, బిడ్డను చూసుకునే ఇల్లు ఉన్నాయి. ధైర్యం ఆమెది. దిక్కు, తోడు, చోటు ఇతరులు అమర్చినవి. మనం పిల్లలకు మొదటిదే చెప్పి మిగతా మూడూ దాస్తున్నాం.

మిగతా చార్టులు కూడా ఇట్లాగే చదివి చూడండి. కాదంబినీ గంగూలీ 1884లో కలకత్తా మెడికల్ కాలేజీలో చేరడం వెనుక ఆమె భర్త ద్వారకానాథ్ గంగూలీ పోరాటం ఉంది. ఆయన బ్రహ్మసమాజంలో పేరున్న మనిషి. ఆనందీబాయి జోషి వెనుక భర్త గోపాల్‌రావు పట్టుదల ఉంది. పైగా ఆమె అమెరికాలో చదివింది ఆడవాళ్ళ కోసమే పెట్టిన మెడికల్ కాలేజీలో. కమలా సోహోనీ తండ్రి, బాబాయి ఇద్దరూ ఆమె చేరాలనుకున్న బెంగళూరు సంస్థలోనే రసాయనశాస్త్రం చదివినవాళ్ళు. అందరికీ ఏదో ఒక దిక్కు ఉంది. అది తప్పు కాదు. కానీ ఆ దిక్కు తండ్రి రూపంలోనో భర్త రూపంలోనో వచ్చింది. అంటే తలుపు తాళం మగవాళ్ళ దగ్గరే ఉంది, దయగల మగవాడు ఇంట్లో ఉన్న అమ్మాయికి తలుపు తెరుచుకుంది. అటువంటి మగవాడు లేని ఇంటి పిల్ల ఏం కావాలి? చార్టు జవాబు చెప్పదు.

కమలా సోహోనీ కథలో ఇంకొక పాఠం ఉంది. 1933లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సీటు అడిగితే అప్పటి డైరెక్టర్ సి.వి. రామన్ ఆడపిల్ల అని నిరాకరించారు. ఆమె బొంబాయి విశ్వవిద్యాలయంలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థిని. ఆమె వదలకుండా పట్టుబట్టింది. చివరికి రామన్ షరతులు పెట్టి చేర్చుకున్నారు. మొదటి ఏడాది ఆమెను మామూలు విద్యార్థిగా లెక్కించరు. గైడు చెప్పినంతసేపు, రాత్రి పొద్దుపోయేదాకా అయినా పనిచేయాలి. తన ఉనికి వల్ల మగ విద్యార్థుల ధ్యాస చెదరకూడదు. ఏడాది తర్వాత ఆమె పని చూసి ఆయన ఆడవాళ్ళను చేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆమె 1939లో కేంబ్రిడ్జిలో పిహెచ్‌డి పొందారు.

దీన్ని మనం ‘చివరికి రామన్ మనసు మార్చుకున్నారు’ అని సంతోషంగా ముగిస్తాం. మూడో షరతును మళ్ళీ చదవండి. మగవాళ్ళ ధ్యాస చెదిరితే శిక్ష ఆమెకు. వాళ్ళ కళ్ళకు కాపలా కాయాల్సిన పని ఆమెది. తొంభై ఏళ్ళు గడిచినా ఈ షరతు పోలేదు. కాగితం మీద మాత్రం లేదు. చున్నీ సరిగ్గా వేసుకో, వెనక బెంచీలో కూర్చో, ల్యాబ్‌లో నవ్వకు, ఆరింటికల్లా హాస్టల్లో ఉండు. ఈ మాటలన్నీ ఆ మూడో షరతు పిల్లలే. మగపిల్లలకు లైబ్రరీ రాత్రి తొమ్మిదిదాకా, ఆడపిల్లలకు ఆరుదాకా అయితే, ఆ మూడు గంటల చదువు ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నట్టు?

ఇప్పుడు మన పిల్ల దగ్గరికి వద్దాం.

పదో తరగతి పాసై పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరే పిల్లకు పదిహేను, పదహారేళ్ళు. లలితకు పెళ్ళయిన వయసు. ఇంట్లో మాట్లాడేది కోయ, గోండి, కువి, సవర. బడిలో నేర్చుకున్నది తెలుగు. కాలేజీలో పుస్తకాలు ఇంగ్లీషు. ఆశ్రమ పాఠశాలలోనో గురుకులంలోనో అయిదేళ్ళు ఆడపిల్లల మధ్యనే పెరిగింది. ఒక్కసారిగా మెకానికల్ శాఖలో యాభై మంది మగపిల్లల మధ్య ఒకతి, మహా అయితే ఇద్దరు. సీట్లలో ఆడపిల్లలకు మూడో వంతు కోటా ఉందని అంటారు. ఉంది. తెలంగాణలో 2022 నుంచి ఎస్టీల కోటా కూడా ఆరు నుంచి పది శాతానికి పెరిగింది. కానీ కోటా అంటే సీటు ఉండటం. అది తోడు ఉండటం కాదు. మెకానికల్‌కు, మైనింగ్‌కు ఆడపిల్లలు దరఖాస్తే చేయకపోతే ఆ సీటు మగపిల్లలకే పోతుంది, చేరిన ఒక్క పిల్ల ఒంటరిగానే మిగులుతుంది.

ఆమె అక్కడ రెండు రకాలుగా వేరు. ఆడపిల్ల అని ఒకటి, ఎస్టీ అని ఒకటి. బోర్డు మీద ర్యాంకుల జాబితా పెట్టినరోజే అందరికీ తెలిసిపోతుంది. ‘మీకేంటి, ఇంత ర్యాంకుకు సీటు వచ్చింది’ అనే మాట మగపిల్లవాడికి తగిలితే వాడు తిట్టి తిరిగి మాట అంటాడు, పక్కన నలుగురు స్నేహితులు ఉంటారు. ఆడపిల్ల మాట అనదు. అంటే ఆ మాట ఆమె చుట్టూ ఇంకో కథ అవుతుంది. మా బడిలో చదివి ఒక పాలిటెక్నిక్‌లో చేరిన అమ్మాయి రెండో సంవత్సరంలో మానేసింది. ఎందుకు మానేసిందో మూడుసార్లు అడిగితే మూడు కారణాలు చెప్పింది. లెక్కలు రావట్లేదు, నాన్నకు బాగాలేదు, అక్కడి తిండి పడలేదు. నాలుగోసారి వాళ్ళమ్మ చెప్పింది. వర్క్‌షాపు ఉన్న భవనంలో ఆడపిల్లలకు బాత్రూం లేదు. పక్క భవనానికి పోవాలంటే మగపిల్లలు కూర్చునే మెట్ల మీదుగా పోవాలి. నెలసరి రోజుల్లో ఆమె ప్రాక్టికల్స్‌కు వెళ్ళడం మానేసింది. హాజరు తగ్గింది. పరీక్ష రాయనివ్వలేదు. రికార్డులో మాత్రం ‘హాజరు లేకపోవడం’ అని ఉంది.

ఈ కథను ధైర్యం అనే మాటతో ఎట్లా చెబుతారు? ఆ పిల్ల వానాకాలంలో వాగు దాటి బడికి వచ్చిన పిల్ల. పాము కనిపిస్తే పక్కకు తప్పుకుని నడిచిపోయే పిల్ల. ధైర్యం తక్కువై కాదు. చోటు లేక.

తోడు గురించి కూడా ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పుకోవాలి. పక్కన ఆడవాళ్ళు ఉంటే చాలు, అంతా బాగుంటుందని అనుకోవడం కూడా సరికాదు. పాయల్ తడ్వి గుర్తుందా? మహారాష్ట్రలోని తడ్వి భిల్ ఆదివాసీ డాక్టర్. ముంబైలో పీజీ చదువుతూ 2019 మే 22న హాస్టల్ గదిలో ప్రాణం తీసుకుంది. కులం పేరుతో తనను అవమానించారని ఆమె తల్లి ఆరోపించింది. కేసు పెట్టింది ముగ్గురు సీనియర్ డాక్టర్ల మీద. ముగ్గురూ మహిళలే. నిందితులు కాదంటున్నారు, తీర్పు కోర్టుది. కానీ మనం గ్రహించాల్సింది ఒకటుంది. ఆదివాసీ ఆడపిల్లకు ఆడవాళ్ళ మధ్య కూడా ఒంటరితనం ఉంటుంది. ఆమె ‘మహిళ’ జాబితాలో చివర, ‘ఎస్టీ’ జాబితాలోనూ చివర ఉంటుంది. పాయల్ తల్లి అబేదా తడ్వి, గుంటూరుకు చెందిన రోహిత్ వేముల తల్లి రాధిక వేముల కలిసి 2019లో కాలేజీల్లో కుల వివక్ష ఆపాలని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఇద్దరు తల్లులు. చార్టులు కడితే వాళ్ళ బొమ్మలు కూడా కట్టాలి. వాళ్ళు ఏ రంగంలోనూ ‘తొలి మహిళలు’ కారు. తమ పిల్లలు పోయాక మిగతా పిల్లల కోసం తలుపు కొట్టినవాళ్ళు.

ఇక మన ఇంటి సంగతి. ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది, అయినా చెప్పాలి.

మన సభల్లో ఒక మాట తరచుగా వింటాం. ‘ఆదివాసీ సమాజంలో ఆడ మగ తేడా లేదు, ఆ తేడాలన్నీ మైదానం వాళ్ళవి’. ఇందులో కొంత నిజం ఉంది. మన దగ్గర వరకట్నం పిశాచం ఆ స్థాయిలో లేదు. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. లలితకు లేని ఆ వెసులుబాటు మన అమ్మమ్మలకు ఉండింది. సంతలో బేరం ఆడేది, అడవిలో ఇప్పపువ్వు ఏరేది, పొలంలో నాట్లు వేసేది ఆడవాళ్ళే. మేడారంలో జనం మొక్కేది సమ్మక్కకు, సారలమ్మకు. కానీ ఊరి పంచాయితీలో పటేలూ పూజారీ మగవాళ్ళే. భూమి పండుగకు వేటకు పోయేది మగవాళ్ళే. ఇంట్లో ఒక్కరినే పట్నం పంపే డబ్బుంటే బస్సెక్కేది మగపిల్లవాడే. ఆడపిల్లను ఇంటి దగ్గరలో హాస్టల్ ఉన్న కాలేజీకే పంపుతాం, అది ఏ కోర్సు అయినా సరే. మన విద్యార్థి సంఘాల సమావేశాలకు వెళ్ళండి. వేదిక మీద ఎందరు అమ్మాయిలు? స్వాగత గీతం పాడటానికి ఇద్దరు, పూలదండలు పట్టుకోవడానికి ఇద్దరు. తీర్మానం రాసేది ఎవరు?

ములుగులో సమ్మక్క సారక్క పేరుతో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పాటుకు 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. ఇద్దరు ఆడవాళ్ళ పేరు మీద విశ్వవిద్యాలయం. గర్వించాల్సిన సంగతి. అందులో చదివే, చదువు చెప్పే ఆదివాసీ ఆడవాళ్ళు ఎందరో ప్రతి ఏడూ లెక్క అడగడం కూడా ఆ గర్వంలో భాగమే కావాలి. పేరు ఒక్కటే ఆడవాళ్ళదై, తరగతి గది, కమిటీ, కుర్చీ మగవాళ్ళవైతే సమ్మక్కను మళ్ళీ చార్టుకు కట్టినట్టే.

గని చదువు సంగతి చూడండి. బొగ్గు మన ఏజెన్సీ నేల కింద ఉంది. కొత్తగూడెంలో మైనింగ్ కాలేజీ 1978 నుంచి ఉంది. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళు భూగర్భంలో పనిచేయకూడదనే నియమం ఉండేది. పైన కూడా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకానే పనిచేయనిచ్చేవారు. అంటే ఒక అమ్మాయి మైనింగ్ చదివినా గనిలోకి దిగే వీలుండేది కాదు. దిగలేని చదువుకు తల్లిదండ్రులు ఎందుకు పంపేవారు? మగవాళ్ళతో నిండిన కాలేజీ దానంతట అదే నిండలేదు, కాలేజీ అవతల ఉన్న చట్టం నింపింది. 2019 జనవరిలో కేంద్రం నియమం సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో ఆడవాళ్ళు భూగర్భంలో దిగవచ్చని అనుమతి ఇచ్చింది. ఈ మార్పు ఎంతమంది హైస్కూల్ టీచర్లకు తెలుసు? పదో తరగతి పిల్లకు ఏ శాఖ తీసుకోవాలో చెప్పేది మనమే. మనకు తెలియకపోతే ఆ తలుపు తెరిచి ఉన్నా పిల్లకు మూసినట్టే.

ఒక వాదన వింటాను. ఈ గొడవంతా ఎందుకు, ఆడపిల్లలకు విడిగా గురుకుల డిగ్రీ కాలేజీలు ఉన్నాయి కదా, అక్కడే చదివిస్తే సరిపోతుంది అని. ఆ కాలేజీలు చాలా మేలు చేశాయి. అవి లేకపోతే ఎందరో పిల్లలు ఇంటర్ దగ్గరే ఆగిపోయేవాళ్ళు. వాటిని ఇంకా పెంచాలి. కానీ అవి ఎక్కువగా బీఏ, బీకాం, బీఎస్సీ చెబుతాయి. ఇంజనీరింగ్, మైనింగ్, ఐటీఐ ట్రేడులు మగపిల్లలు నిండిన చోటే ఉన్నాయి. భద్రత పేరు చెప్పి పిల్లను ఒక రకం చదువుకే పరిమితం చేస్తే, భద్రతకు కట్టిన ధర ఆమె భవిష్యత్తు. భద్రత కావాలి. అది ఆమె ఎక్కడికి పోతే అక్కడికి రావాలి. దేశంలోని ఐఐటీలు 2018 నుంచి ఆడపిల్లలకు అదనపు సీట్లు సృష్టించి, 2020కల్లా 20 శాతానికి చేర్చాయి. ఉన్నవాళ్ళ సీట్లు తగ్గించకుండానే చేశాయి. తలచుకుంటే పెద్ద సంస్థలు కూడా కొలత మార్చుకోగలవని దీనివల్ల తెలుస్తుంది. మన జిల్లా పాలిటెక్నిక్‌లో ఒక బాత్రూం కట్టడం అంతకన్నా కష్టం కాదు.

మరి ‘తొలి మహిళ’ కథలు మానేయాలా? అక్కర్లేదు. సాంతం చెప్పాలి. లలిత గురించి చెప్పేటప్పుడు ధైర్యంతో పాటు తండ్రి హోదా చెప్పండి, త్రేసియా, లీలమ్మల పేర్లు చెప్పండి, బిడ్డను ఇంకొకరు చూసుకున్నారని చెప్పండి. చెప్పాక పిల్లలను అడగండి. ‘నువ్వు ఆ కాలేజీకి పోతే నీకు దిక్కు ఎవరు? తోడు ఎవరు? చోటు ఎక్కడ?’ పిల్లలు చెప్పే జవాబులే మనం చేయాల్సిన పనుల జాబితా.

దిక్కు విషయంలో మనకు ప్రొఫెసర్ తండ్రులు లేరు. చట్టం ఉంది. 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనలు, సాంకేతిక కాలేజీలకు 2016 ఏఐసీటీఈ నిబంధనలు, ఇవన్నీ ప్రతి కాలేజీలో లైంగిక వేధింపుల మీద అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలంటాయి. దానికి అధ్యక్షురాలు మహిళే కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. చేరే రోజునే కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అడిగి పిల్ల పుస్తకం మొదటి పేజీలో రాయించండి. గొడవ అయ్యాక అడిగితే గొడవ పెట్టుకోవడానికి వచ్చారంటారు. మొదటి రోజు అడిగితే అది మామూలు సమాచారం.

తోడు విషయంలో ఒక్క పిల్లను పంపకండి. ఒకే కాలేజీకి, కుదిరితే ఒకే శాఖకు ఇద్దరినో ముగ్గురినో కలిపి ఆప్షన్లు పెట్టించండి. పక్క మండలం బడి టీచరుతో మాట్లాడితే ఇది సాధ్యమే. ముందు సంవత్సరం చేరిన అక్కను కలపండి. చేరిన తర్వాత మొదటి నెల, మొదటి పరీక్షలు, మొదటి పండుగ సెలవు, ఈ మూడుసార్లు తప్పకుండా ఫోన్ చేయండి. పిల్లలు మానేసే ఆలోచన ఎక్కువగా ఈ మూడు సమయాల్లోనే మొదలవుతుందని ఇన్నేళ్ళ ఉద్యోగంలో చూశాను.

చోటు విషయంలో కాలేజీని తల్లిదండ్రులతో కలిసి ఒకసారి చూసి రండి. ర్యాంకు, కట్ ఆఫ్ అడిగినట్టే హాస్టల్ ఎంత దూరం, వర్క్‌షాపు భవనంలో ఆడపిల్లల బాత్రూం ఉందా, నీళ్ళు వస్తాయా, లైబ్రరీ ఎప్పటిదాకా, మహిళా లెక్చరర్లు ఎందరు అని అడగండి. లేదంటే ఐటీడీఏకు రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. నోటితో చెప్పిన మాట గాలికి పోతుంది, కాగితం మీద రాసినదానికి జవాబు ఇవ్వాలి.

మన అబ్బాయిలకు కూడా ఒక మాట. మీ తరగతిలో మన పిల్ల ఒక్కతే ఉంటే మీరు ఆమెకు కాపలా కానక్కర్లేదు, అన్నలా బెదిరించనక్కర్లేదు. ఎవడో ‘కోటా సీటు’ అన్నప్పుడు ఆమె కన్నా ముందు మీరు జవాబు చెప్పండి, ఆ మాట మీకూ వర్తిస్తుంది కాబట్టి. మెట్ల మీద కూర్చునే గుంపులో మీరూ ఉంటే లేచి దారి ఇవ్వండి. ఈ చిన్న పనికి ఏ చట్టమూ అక్కర్లేదు.

చివరగా, మన ఏజెన్సీ నుంచి పాలిటెక్నిక్, ఇంజనీరింగ్, ఐటీఐ, మెడిసిన్ చదివిన ఆడవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. మధ్యలో మానేసినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి కథలూ రాయాలి. పూర్తిచేసినవాళ్ళ కథలో ఏ ఊతం దొరికిందో, మానేసినవాళ్ళ కథలో ఏ ఊతం విరిగిందో రాయాలి. ప్రతి బడి టీచరు తన బడి నుంచి వెళ్ళిన ఇద్దరి గురించి, వాళ్ళు ఒప్పుకుంటేనే, పేర్లు మార్చి రెండేసి పేజీలు రాసినా మన దగ్గర ఒక పుస్తకం తయారవుతుంది. వచ్చే మార్చి 8న గోడకు చార్టుతో పాటు ఆ పుస్తకంలోంచి ఒక కథ చదివిద్దాం.